నాలుగు రోజుల గురువు

ఈసారి కూడా వికాస వారోత్సవాలు నా నెత్తినే పడ్డాయి. ఏటా పరీక్షలకి ముందు ఒక వారం పాఠాలు ఆపేసి, పిల్లలకి పాఠాల్లో లేనివన్నీ నేర్పిస్తాం. ఉద్యోగానికి దరఖాస్తు రాయడం, వేదికెక్కి తడబడకుండా మాట్లాడడం, డ్రోన్ ఎగరేయడం, చోళ్ళతో, అంటే రాగులతో, కేకులు చేయడం, మనసులో ఒత్తిడి తగ్గించుకోవడం. భోగాపురం విమానాశ్రయంలో ఉద్యోగం రావాలంటే ఎలా నడవాలో, ఎలా నవ్వాలో చెప్పడానికి విశాఖ నుంచి ఒక మేడమ్ కూడా వస్తుంది. సర్క్యులర్ చివర్న ‘స్థానిక కళ: శిక్షకుడి పేరు సూచించగలరు’ అని ఖాళీ వదిలారు. ఆ ఖాళీ చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. తర్వాత ఏ బుద్ధి పుట్టిందో, ఫోన్‌లో ‘కర్ర తాత’ అని దాచుకున్న నంబరు నొక్కాను. రెండేళ్ళుగా నొక్కని నంబరది.

ఎవరో ఆడమనిషి ఎత్తింది. తాతతో మాట్లాడాలన్నాను. మావ పోయి నెల దాటిందని చెప్పింది. కోడలట. నువ్వెవరని అడిగితే యూనివర్సిటీ నుంచి అన్నాను.

“ఆ సెయ్యి ఇరిగిన కాణ్ణించి మావ మరి కర్ర ముట్టలేదు బాబూ. అన్నం కలుపుకోడానికే అవస్త పడీవోడు,” అని ఫోన్ పెట్టేసింది.

ఇంకేమీ అడగనందుకు బతికిపోయాననుకున్నాను. అబద్ధం చెప్పడం దేనికి.

ఆయన సాముగరిడీ నేర్పే మనిషి. రామతీర్థం దాటి లోపలికి వెళితే వచ్చే ఊళ్ళో రెండెకరాల రైతు. పొద్దున పొలం, సాయంత్రం కర్ర. రెండేళ్ళ కిందట నేను మొదటిసారి పిలవడానికి వెళ్ళినప్పుడు ఇంటిముందు కళ్ళంలో ఏడెనిమిదిమంది కుర్రాళ్ళని వరసగా నిలబెట్టి ఉన్నాడు. పొట్టి మనిషి. ఎడమ చెవి సగం లేదు. బండి చప్పుడుకి ఒక కుర్రాడు తల తిప్పి నా వైపు చూశాడు. అంతే, వాడి పిక్క మీద కర్ర పడింది. వాడు కుంటుతూనే మళ్ళీ వరసలో నిలబడ్డాడు. ఆయన నా దగ్గరికొచ్చి, నమస్కారం లేదు, ఎవరు ఏమిటి లేదు, కింద నుంచి పైదాకా చూశాడు.

“నీకు కుడి బుజం కిందకి ఉన్నాది. నిన్ను కొట్టాలంటే ఎడంపక్క నుంచి రావాల,” అన్నాడు.

అదే ఆయన పలకరింపు. దర్జీ మనిషిని చూడగానే కొలత లెక్క వేసుకున్నట్టు ఈయన దెబ్బ ఎక్కడ వేయాలో చూసుకునేవాడు. ఎవర్నీ విడిచిపెట్టలేదు. ప్రారంభోత్సవం రోజు వైస్ ఛాన్సలర్ గారు శాలువా కప్పడానికి ముందుకి వంగితే, నీకు ఎడమ మోకాలు బాగోలేదు, నువ్వు తేలిగ్గా పడిపోతావు అని ఆయన మొహం మీదే చెప్పాడు. మైకు దగ్గర్లోనే ఉంది. ఆడిటోరియం అంతా వింది. వీసీ గారు నవ్వేసి, నిజమే, వచ్చే నెల ఆపరేషన్ అన్నారు. ఒత్తిడి తగ్గించుకోవడం గురించి చెప్పడానికొచ్చిన లావుపాటి డాక్టరుని మాత్రం ఒక చూపు చూసి, మెడ అని ఒక్క మాట అని వెళ్ళిపోయాడు. ఆ డాక్టరు ఆ రోజంతా మెడ తడుముకుంటూనే ఉపన్యాసమిచ్చాడు. వీసీ నుంచి వాచ్‌మన్ దాకా అందరూ ఆయనకి నువ్వే.

ఆయన్ని పిలవమన్నది నేనే. మిగతావాళ్ళు తప్పెటగుళ్ళ ఆట పెడదామన్నారు. తప్పెటగుళ్ళు ఏటా పెడుతున్నాం, కొత్తగా ఉంటే పేపర్లో ఫొటో వేస్తారన్నాను. నాకు ఫొటో అవసరం. పన్నెండేళ్ళుగా కాంట్రాక్టు లెక్చరర్‌ని. సోషల్ వర్క్ చెబుతాను. ఏటా మే నెలలో నా ఉద్యోగం చచ్చిపోయి జూన్‌లో మళ్ళీ పుడుతుంది. పుడుతుందో లేదో నిర్ణయించేవాళ్ళు ఆ వారంలో ముందు వరస కుర్చీల్లో కూర్చుంటారు. అందుకే వారోత్సవాలంటే నా ప్రాణం మీదికి వచ్చినంత పని.

మొదటి రోజు గ్రౌండులోకి అరవైమంది వచ్చారు. సగానికి సగం సెల్ఫీల కోసమే. ఆయన అందరిచేత బూట్లు విప్పించి ఎండలో నిలబెట్టాడు. ఒకడు ఫోన్ ఎత్తి తనని తాను తీసుకుంటూ ఆయన్ని కూడా బొమ్మలోకి ఇరికించబోయాడు. కర్ర కొస గాలిలో ఈలేసింది. ఫోన్ పది గజాల అవతల పడి పగిలింది. వాడి వేలికి గీత కూడా పడలేదు. వాడు వేళ్ళు లెక్కపెట్టుకుని, తర్వాత ఫోన్ గుర్తొచ్చి, ఏడుపు మొహంతో నా దగ్గరికొచ్చి ఫిర్యాదు చేశాడు. నేను వాణ్ణి బుజ్జగించి పంపాను. రెండో రోజుకి అరవైమంది ఇరవై ఇద్దరయ్యారు. ఇప్పుడు సరిపోయిందని ఆయన సంతోషించాడు.

నేర్పడంలో ఆయనదొక పద్ధతి ఉండేది. ఏ దెబ్బ నేర్పాలన్నా ముందు అది తన ఒంటిమీద ఎక్కడ పడిందో చూపించేవాడు. చొక్కా విప్పి, ఇది మా గురువు కొట్టింది, ఇది మా బావ కొట్టింది, ఇది జాతరలో పక్కూరివాడు కొట్టింది, ఈ చెవి మాత్రం ఎద్దు పీకింది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి అని చెప్పేవాడు. ఆ మచ్చ మీద ఒక్కో పిల్లనీ పిల్లాణ్ణీ వేలు పెట్టి తడమమనేవాడు. లోపల ఎముక ఎక్కడ అతుక్కుందో చేతికి తెలిసేది. ఆ తర్వాతే కర్ర పట్టుకోనిచ్చేవాడు. తాను తినని దెబ్బ ఇంకొకడికి చెప్పకూడదట. ఒక ఆడపిల్ల కణత మీద కొట్టే దెబ్బ చూపించమని అడిగింది. బస్సుల్లో వెకిలి వెధవలు ఎక్కువయ్యారు తాతా, అది నేర్పు అంది. ఆయన చాలాసేపు ఆలోచించి, అది నేను తినలేదమ్మా, తినుంటే నీ ముందు ఉండేవాణ్ణి కాదు అన్నాడు. అందుకు బదులు వెకిలి వెధవ పాదం మీద మడమతో ఎలా తొక్కితే వేళ్ళు విరుగుతాయో నేర్పాడు. అది తన పెళ్ళాం తొక్కిందట.

దెబ్బలకి ఆయన దగ్గర కొదవ లేదు. కర్ర జారిపోతే దెబ్బ, జారిన కర్ర వైపు చూస్తే ఇంకో దెబ్బ. కర్ర పడిపోతే నేలని కాదు, ఎదుటివాణ్ణి చూడాలి. తప్పు చేసి నవ్వినా దెబ్బే. పిల్లలు హాస్టల్లో ఒకరి కమిలిన గాయాలు ఇంకొకరికి చూపించుకుని మురిసిపోయేవాళ్ళు. రెండో రోజు నుంచి ఒక్కరు కూడా మానకుండా వచ్చింది ఆ తాత దగ్గరికే. చోళ్ళ కేకుల దగ్గర ఈగలు తప్ప ఎవరూ లేరు.

రెండో రోజు నన్ను కూడా నిలబెట్టాడు. పంతులువి, నువ్వు నేర్చుకోకపోతే ఎలాగన్నాడు. పిల్లలు ఈలలు వేశారు. చేతిలో కర్ర పెట్టి కాసుకోమన్నాడు. తొడ మీద పడింది. వారం రోజులు నీలంగా ఉంది. దెబ్బ కన్నా ఆయన అన్న మాటకే నాకు మండింది. కర్ర వచ్చే ముందే నువ్వు కళ్ళు మూసుకున్నావు, కొట్టేవాణ్ణీ చూడవు, దెబ్బనీ చూడవు, ఇక ఏమి కాసుకుంటావన్నాడు. పిల్లల ముందు అలా అనాలా అని లోపల తిట్టుకున్నాను.

మూడో రోజు సాయంత్రం క్యాంటీన్లో టీ తాగుతూ ఒక సంగతి చెప్పాడు. ఆయనకి ఇరవై ఏళ్ళప్పుడు ఒక పండగ ఊరేగింపులో రెండూళ్ళ గరిడీవాళ్ళకి ఎవరు ముందు నడవాలని తగువు వచ్చింది. తలలు పగిలాయి. ఆయనతోపాటు నేర్చుకునే ఒకడు అవతలి ఊరి మనిషి కంఠం కింద ఎముక విరగ్గొట్టాడు. మర్నాడు పొద్దున్నే వాళ్ళ గురువు ఒంటరిగా ఆ ఊరు వెళ్ళి, దెబ్బ తిన్నవాడి ఇంటిముందు కూర్చుని, మా కుర్రాడు ఎక్కడ కొట్టాడో అక్కడ నన్ను కొట్టండని చొక్కా విప్పాడట. శిష్యుడు కళ్ళం బయట ఎవరినైనా కొడితే, ఆ దెబ్బ గురువు తినాలి. వాళ్ళ గరిడీలో అది రివాజు.

“కొట్టారా?” అన్నాను.

“కొట్టరేటి?” అని నవ్వాడు. “మా గురువు బుజం మరి లేవనేదు. మాలో ఒక్కడు మల్లా బయటోడి మీద కర్ర ఎత్తనేదు.”

ఇలాంటివి వినడానికి బాగుంటాయి. సావనీర్‌లో వేద్దామని ఫోన్‌లో రాసుకున్నాను కూడా.

ఇక శ్రీను గురించి చెప్పాలి. మా దగ్గర ఒక్కో లెక్చరర్‌కి ఇరవైమంది పిల్లల్ని అప్పజెబుతారు. వాళ్ళు చేరిన రోజు నుంచి వెళ్ళేదాకా వాళ్ళ మంచీ చెడ్డా మనదే. శ్రీను నా ఇరవైమందిలోవాడు. అప్పటికి మూడో ఏడు చదువుతున్నాడు. రైతుబిడ్డ, చురుకైనవాడు. ఏ సభ పెట్టినా కుర్చీలు, మైకులు, పూలదండలు అన్నీ వాడే చూసుకునేవాడు. వాడు లేకపోతే నాకు చెయ్యి విరిగినట్టే. వాడి గదిలోనే ఉండే నూకరాజు కూడా నావాడే. భోగాపురం అవతల సముద్రం ఒడ్డు ఊరు. తండ్రి వేటకి వెళతాడు, తల్లి విజయనగరం మార్కెట్లో చేపలమ్ముతుంది. వాడు నా దగ్గరికి మూడుసార్లు వచ్చాడు. శ్రీను వాడి పక్క మీద సెంటు కొడుతున్నాడని, వాడి బట్టలు వరండాలో పడేస్తున్నాడని, అందరిచేతా ‘నీచు’ అని పిలిపిస్తున్నాడని చెప్పాడు. మొదటిసారి, ఒక గదిలో ఉన్నాక సర్దుకుపోవాలని హితబోధ చేశాను. రెండోసారి వార్డెన్‌కి రాసివ్వమన్నాను. మూడోసారి వాడు కూర్చోలేదు. నిలబడే చెప్పి, నా జవాబు వినకుండానే వెళ్ళిపోయాడు. శ్రీనుని నేను ఒక్కసారి కూడా పిలిచి అడగలేదు. వాడు అలిగితే కుర్చీలు ఎవరు వేయిస్తారు?

తాతకి ఇవేవీ తెలియవు. ఆయనకి శ్రీను నచ్చాడు. వాడి చేతిలో కర్ర నిజంగానే బాగా తిరిగేది. నాలుగో రోజు సాయంత్రం ఆయన నా దగ్గరికొచ్చి, తన సొంత కర్ర శ్రీనుకి ఒక రాత్రికి ఇస్తానన్నాడు. నూనె పట్టి పట్టి నల్లబడిన వెదురు, రెండు కొసలకీ ఇత్తడి పొన్నులు. బాగా నేర్చినవాడికి గురువు తన కర్ర ఇస్తాడు, అది ఆ రాత్రి వాడి పక్కన పడుకోవాలి, తెల్లారి తిరిగి గురువుకి అప్పగించాలి. వాళ్ళ ఊళ్ళో అది పెద్ద గౌరవం. మా నిబంధనల ప్రకారం సాయంత్రం కర్రలన్నీ స్పోర్ట్స్ రూములో పెట్టి తాళం వేయాలి, అన్నీ చేరాయని నేను సంతకం పెట్టాలి. నేను ఒక్క క్షణం ఆలోచించాను. శ్రీను మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చాపుతాడు, తాత కర్ర పెడతాడు, వెనకాల సూర్యుడు దిగుతుంటాడు. ఇవ్వండి తాతా అన్నాను. ఫొటో అద్భుతంగా వచ్చింది. మర్నాడు జిల్లా పేజీలో వేశారు. స్పోర్ట్స్ రూము పుస్తకంలో కర్రలన్నీ చేరినట్టు సంతకం పెట్టాను.

అయిదో రోజు ఆయన రాలేదు. పొలంలో పని పడిందని, మర్నాడొచ్చి కర్ర తీసుకుంటానని ఫోన్ చేశాడు. కర్ర ఇంకో రోజు శ్రీను గదిలో ఉండిపోయింది. 

ఆ సాయంత్రం ఏడింటికి మెస్‌లో పిల్లలందరూ భోజనాలకి కూర్చున్నారు. తల్లి బస్సులో పంపిన వేపుడు చేపల డబ్బా మూత నూకరాజు తీశాడు. శ్రీను లేచి, ఆ డబ్బా తీసుకెళ్ళి ఎంగిలి బకెట్లో బోర్లించాడు. నూకరాజు వాణ్ణి చెంప మీద కొట్టాడు. వందమంది చూస్తుండగా కొట్టాడు. శ్రీను మాట్లాడకుండా మేడెక్కి, కర్రతో కిందికొచ్చాడు. నూకరాజు కంచం ముందు కూర్చునే ఉన్నాడు. తల మీదికి వస్తున్న కర్రకి కుడి చెయ్యి అడ్డం పెట్టాడు. రెండోసారి ఎత్తేసరికి వంటవాడు వెనక నుంచి పట్టుకున్నాడు.

నేను ముగింపు సభ ఏర్పాట్లలో ఉన్నాను. పరిగెత్తుకొచ్చేసరికి నేలంతా అన్నం, పప్పు, రక్తం. నూకరాజు గోడకి చేరగిలబడి తన చేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటున్నాడు. మోచేతికీ మణికట్టుకీ మధ్య, మడత ఉండకూడని చోట మడతపడి ఉంది. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. వాడు అరవడం లేదు. అమ్మకి చెప్పకండి సార్, అమ్మకి చెప్పకండి అని అదే అంటున్నాడు. అవతల శ్రీనుని ముగ్గురు పట్టుకున్నారు. వాడి పాదాలు మాత్రం తాత నేర్పిన తీరులోనే ఉన్నాయి, ఒకటి ముందు, ఒకటి వెనక.

మర్నాడు పొద్దున ఏడున్నర బస్సుకి తాత వచ్చాడు. గేటు దగ్గరే ఎవరో చెప్పేశారు. నేను వెళ్ళేసరికి వార్డెన్ గదిలో శ్రీను ముందు నిలబడి ఉన్నాడు. శ్రీను వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

“ఎక్కడ కొట్టావురా?” అన్నాడు తాత.

శ్రీను కాళ్ళ మీద పడబోయాడు. కాలు వెనక్కి తీసుకున్నాడు.

“ఏడుపు తరవాత. ఎక్కడ? నీ సేతి మీద సూపించు.”

శ్రీను తన కుడి చేతి మీద చూపించాడు. మోచేతి నుంచి ఎన్ని వేళ్ళ దూరమో ఆయన కొలుచుకున్నాడు. ఎన్ని దెబ్బలని అడిగాడు. ఒకటన్నాడు శ్రీను. రెండోది ఎత్తావా అని అడిగితే తల దించుకున్నాడు. మూల పెట్టిన కర్ర తీసుకుని తాత బయటికొచ్చేశాడు. నాలుగు రోజులు నవ్వినందుకు కూడా కొట్టిన మనిషి, ఆ రోజు వాణ్ణి వేలితో కూడా ముట్టలేదు. శ్రీను ఏడుపు అక్కడితో ఆగిపోయింది. వాడికి అప్పుడే అసలు భయం పట్టుకున్నట్టుంది.

పదింటికి విచారణ కమిటీ కూర్చుంది. ముగ్గురు ప్రొఫెసర్లు, ఒక టైపిస్టు. కర్ర స్పోర్ట్స్ రూము దాటి ఎలా వెళ్ళిందన్నదే వాళ్ళకి కావలసింది. నా కర్ర, నేనే ఇచ్చాను, తప్పు నాదే అని తాత చెప్పాడు. గురువు కర్రతో ఎవరినీ కొట్టకూడదని మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు, వీళ్ళు చదువుకున్నవాళ్ళు కదా, వేరే చెప్పక్కర్లేదనుకున్నానన్నాడు. టైపిస్టు అదంతా టైపు కొట్టుకుంది. కమిటీ పెద్ద నా వైపు తిరిగి, మీకు తెలుసా అని అడిగాడు.

ఫొటో కోసం ఇచ్చారనుకున్నాను సార్, గదికి తీసుకెళతాడని నాకు తెలీదన్నాను.

తాత నా వైపు చూశాడు. కోపంగా కాదు. మొదటి రోజు కళ్ళంలో చూశాడే, దెబ్బ ఎక్కడ వేయాలో వెతుక్కున్నట్టు, అలా చూశాడు. ‘బయటి శిక్షకుడి క్రమశిక్షణా రాహిత్యం’ అని రాసుకున్నారు. ఆ కాగితం మీద నేను కూడా సంతకం పెట్టాను. జూన్‌లో నా ఉద్యోగం మళ్ళీ పుట్టింది.

వరండాలోకి రాగానే ఆయన నా భుజం పట్టుకున్నాడు.

“నాకాడ నాల్రోజులే ఉన్నాడు మేస్టారూ. నీకాడ మూడేళ్ళున్నాడు. ఇద్దరం గురువులమే. ఆ దెబ్బ తిన్న గుంటడి అమ్మకాడికి ఎల్దాం, రా.”

నాకు అర్థం కాలేదని కాదు. అర్థం కానట్టు మాట్లాడాను. ఆస్పత్రి ఖర్చు యూనివర్సిటీ చూసుకుంటుందన్నాను. పోలీసు కేసు ఎలాగూ ఉంటుందన్నాను. మీ రోజులు వేరు, ఈ కాలంలో అలాంటివి కుదరవు తాతా అన్నాను. ఆయన చివరిదాకా విన్నాడు.

“కాలం సంగతి నానడగనేదు. నీ సెయ్యి వొస్తాదా, రాదా?”

నా చెయ్యి నాకు తెలియకుండానే జేబులోకి వెళ్ళింది. ఆస్పత్రి దాకా బండి మీద దింపుతానన్నాను. ఆయన సరేనన్నాడు. దారి పొడుగునా నా వెనక కర్ర పట్టుకుని కూర్చున్నాడు. గేటు దగ్గర దింపేసి వెనక్కి తిరుగుదామనే అనుకున్నాను. కానీ ఏం జరుగుతుందో చూడకుండా వెళ్ళలేకపోయాను. చూడ్డానికి మాత్రం నాకు ఓపికుంటుంది.

విజయనగరంలో పెద్దాస్పత్రి. ఎముకల వార్డు బయట మెట్ల మీద నూకరాజు తల్లి కూర్చుని ఉంది. పొద్దున్నే మార్కెట్ నుంచి అటే వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళు ఇంకా ఎత్తి దోపుకునే ఉన్నాయి. తండ్రి వేటకి వెళ్ళాడట, కబురు అందలేదు. లోపల కొడుక్కి రాడ్డు వేస్తున్నారు. వేళ్ళు మళ్ళీ కదులుతాయో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారట. తాత ఆవిడ ముందు నేల మీద గొంతుక్కూర్చుని, కర్ర ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టాడు. నీ కొడుకుని కొట్టినవాడికి కర్ర పట్టడం నేర్పింది నేనేనన్నాడు. తన రివాజు చెప్పాడు. కుడి చెయ్యి చాపి మెట్టు అంచు మీద ఆనించి, ఎక్కడ కొట్టాలో ఎడమచేతి వేలితో చూపించాడు.

ఆవిడ ఆ చేతిని చూసింది.

“నీ సెయ్యి నాకెందుకు బాబూ? నా కొడుకు సెయ్యి నాకు కావాల.”

“అది నానియ్యలేను తల్లీ. ఇదొక్కటే ఇయ్యగలను.”

ఆవిడ తల అడ్డంగా ఊపి మొహం తిప్పుకుంది. తాత చెయ్యి తీయలేదు. రోగుల తాలూకు జనం పోగయ్యారు. ఎవరో ముసలాయనకి పిచ్చెక్కిందన్నారు. ఎవరో ఫోన్ ఎత్తారు. ఎంతసేపు అలా ఉన్నాడో నాకు తెలియదు, మెట్టు అంచు ఒరుసుకుని ఆయన చేతి మీద ఎర్రటి గీత పడింది. లోపల్నుంచి ఒక నర్సు తలుపు తీసింది. తలుపు తెరిచిన ఆ కాస్తలోనే నూకరాజు కేక బయటికొచ్చింది. మత్తు దిగుతున్నట్టుంది. నిన్న రాత్రి అరవనివాడు ఇప్పుడు అరుస్తున్నాడు. ఆవిడ లేచి నిలబడి కర్ర అందుకుంది.

మొదటి దెబ్బకి బలం లేదు. చేతి మీద తగిలి జారిపోయింది.

“ఇది కాదమ్మా,” అన్నాడు తాత. “మా గుంటడు ఇలగ కొట్టనేదు.”

ఆవిడ పెదాలు బిగించింది. చేపల గంపలు మోసిన చేతులవి. రెండోది తల మీది నుంచి ఎత్తి దించింది. ఎండిన కర్ర విరిగినట్టు చప్పుడైంది, విరిగింది కర్ర కాదు. ఆయన నోరు తెరుచుకుంది గాని కేక రాలేదు. మొహం మీద చెమట ఒక్కసారిగా పొడుచుకొచ్చింది. ముందుకి ఒరిగిపోతూ ఎడమచేత్తో మెట్టు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. చాలు తల్లీ, సరిపోయిందన్నాడు. ఈసారి నేను కళ్ళు మూసుకోలేదు. అంతా చూశాను. చూసి, ఉన్నచోటే ఉన్నాను.

ఆవిడ కర్ర కింద పారేసి భోరుమంది. ఏడుస్తూనే ఆయన పక్కన కూలబడి, తన చెంగు చింపి ఆ చేతికి చుట్టడం మొదలుపెట్టింది. చుడుతూ చుడుతూ తలెత్తి, జనంలో నుంచి నన్ను చూసింది. ఇస్త్రీ చొక్కా, మెడలో యూనివర్సిటీ కార్డు.

“ఈ బాబు కూడా ఆడి గురువేనా?” అని అడిగింది.

తాత నా వైపు తిరిగాడు. నొప్పికి ఆయన కళ్ళు సగం మూసుకుపోయి ఉన్నాయి. నా చేతులు రెండూ జేబుల్లోనే ఉన్నాయి.

“కాడమ్మా,” అన్నాడు. “ఈ బాబు గురువు కాడు. నన్ను బండి మీద తెచ్చాడు, అంతే.”

నిజమేనా అన్నట్టు ఆవిడ నా మొహంలోకి చూసింది. అవునని తలూపాను.